తాత ఇంటి పెంకులు

నల్ల బెల్టు పరీక్షకి ఏమేం కావాలో మా మాస్టారు ఒక కాగితం మీద టైపు చేయించి, కళ్యాణమండపం భోజనాల హాల్లో ఒక స్తంభానికి అతికించారు. విజయనగరంలో మా కరాటే క్లాసు ఆ హాల్లోనే జరిగేది. పెళ్లి ఉన్న రోజున డాబా మీదికి మారేవాళ్లం. పెళ్లి మర్నాడు నేలంతా జిడ్డుగా, సాంబారు వాసనతో ఉండేది. ముందు గచ్చు కడిగి, అది ఆరాక వరుసల్లో నిలబడేవాళ్లం.

ఆ కాగితాన్ని నేను నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. బ్రౌను బెల్టు వచ్చి ఏడాది దాటి ఉండాలి. కటాలన్నీ రావాలి. కటా అంటే ఎదురుగా శత్రువు ఉన్నాడనుకుని ఒంటరిగా, ఒక క్రమంలో చేసే అడుగులూ దెబ్బలూ. పదిమందితో ఒకరి తర్వాత ఒకరితో ఆగకుండా తలపడాలి. ఆర్నెల్లు కిందివాళ్లకి నేర్పి ఉండాలి. కరాటే నాకేం నేర్పింది అని రెండు పేజీల వ్యాసం సొంతంగా రాయాలి. ఆఖరున, ఎవరి పెంకులు వాళ్లు తెచ్చుకుని, మూడింటిని ఒకదాని మీద ఒకటి పేర్చి గుద్ది పగలగొట్టాలి. రెండు ప్రయత్నాలు ఇస్తారు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా బెల్టు లేదు.

పెంకుల గురించి ఆ కాగితంలో అంతే ఉంది.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. చీరల కొట్టులో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. మా కొట్టులో కొనేవాళ్లకి కుర్చీలు, పరుపులు ఉంటాయి. అమ్మేవాళ్లకి స్టూలు కూడా ఉండదు. పొద్దున్న పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉండాలి. కరాటేలో మోకాళ్లు వంచి గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడే భంగిమ ఒకటుంది. అందులో క్లాసులో అందరికంటే ఎక్కువసేపు నేనే నిలబడేదాన్ని. మాస్టారు మెచ్చుకునేవారు. అది కొట్టు యజమాని నేర్పిన విద్య అని నేను చెప్పలేదు.

ఆ ఏడాది ఊరి చివర ఒక ప్రైవేటు స్కూలు నుంచి మా మాస్టారికి కబురు వచ్చింది. ఆడపిల్లలకి కరాటే నేర్పడానికి ఆడమనిషి కావాలి, నల్ల బెల్టు సర్టిఫికెట్ ఉండాలి, జూన్‌లో చేరాలి. మాస్టారు నన్ను పిలిచి, "ఏటమ్మా, ఏప్రిల్లో పరీచ్చ పెట్టిస్తాను. బెల్టు కట్టుకుంటావా మరి?" అన్నారు. ఆ రోజు కొట్టులో చీరలు మడత పెడుతూ, ఈ మడతలు ఇంక జూన్ దాకానే అనుకున్నాను. బెల్టు వస్తే బడి. రాకపోతే మళ్లీ ఈ బల్ల వెనకాలే.

నాకు రాదన్న అనుమానమే లేదు. ఎందుకంటే నేను చదువుకున్నదాన్ని.

చదువంటే కాలేజీ చదువు కాదు. ఇంటర్ మొదటి ఏడాదిలోనే అది ఆగిపోయింది. క్లాసు ఏడున్నరకి అయిపోతుంది, జిల్లా గ్రంథాలయం ఎనిమిదింటికి తెరుస్తారు, కొట్టు పదింటికి. ఆ మధ్యకాలం నాది. శుక్రవారం లైబ్రరీకి సెలవు కాబట్టి శుక్రవారమంటే నాకు గిట్టేది కాదు. సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుందో, ఎముక విరిగితే ఎలా అతుక్కుంటుందో, జపాను వాళ్లు ఇళ్లు ఎలా కట్టుకుంటారో, అన్నీ ఆ బల్లల దగ్గర కూర్చుని తెలుసుకున్నవే. వ్యాయామం బీరువాలో అట్ట ఊడిన ఇంగ్లీషు కరాటే పుస్తకం ఒకటి దొరికింది. పక్కన నిఘంటువు పెట్టుకుని నాలుగు నెలలు చదివాను. నాకంటే ముందు దాన్ని ఎవరైనా ఇంటికి తీసుకెళ్లిన ముద్ర వెనక చీటీ మీద లేదు. అది చూసి పొంగిపోయాను.

ఆ పుస్తకం చదివాక క్లాసులో నా నోరు ఆగలేదు. మాస్టారు ఒక కటా పేరుని 'హయ్యన్' అని పలికేవారు. ఒకరోజు అందరి ముందూ, "హయ్యన్ కాదండి, హెయాన్. ప్రశాంతం అని అర్థం" అన్నాను. మాస్టారు బస్సు డిపోలో మెకానిక్కు. గ్రీజు పోని గోళ్లతో పాతికేళ్లుగా పిల్లలకి నేర్పుతున్నారు. "అలాగేనమ్మా" అని నవ్వారు. ఆ నవ్వుని మెచ్చుకోలు అనుకున్నాను.

నాతోపాటు పరీక్షకి ఇంకో ఇద్దరు కూర్చున్నారు. ఒకడు ఆటో నడిపేవాడు. నాకు 'లైబ్రరీ' అని పేరు పెట్టింది వాడే. "ఏటి లైబ్రరీ, ఈ వేళ ఏటి సదివీసినావు? మాకూ రెండు ముక్కలు పడెయ్" అని రోజూ అడిగేవాడు. అడిగిందే చాలని నేను చెప్పేదాన్ని. వాడు వింటూ పక్కవాళ్లకి కన్ను కొట్టడం చాలా రోజుల దాకా నేను చూడలేదు. రెండో మనిషి చేపల బజారులో కొట్టున్న వాళ్లమ్మాయి. డిగ్రీ అయిపోయింది, ఇరవై రెండేళ్లు. వాళ్లు భీమిలి వైపు సముద్రం ఒడ్డు నుంచి వచ్చినవాళ్లు. తెల్లవారకముందే తల్లితో కలిసి చేపలు దింపి, ఒళ్లు కడుక్కుని క్లాసుకి వచ్చేది. కటాలు దానికి నేనే నేర్పాను. నన్ను అక్కా అనేది. దానికి ఒంట్లో చురుకు ఉంది కానీ కాగితం ముందు కూర్చుంటే చెమట పట్టేది.

"అక్కా, ఆ వ్యాసం నా వల్ల కాదక్కా. రెండు లైన్లు రాసి కూకున్నాను."

"నీకేం అనిపిస్తే అది రాయవే."

"ఆకలేస్తన్నాది అనిపిస్తన్నాది. అది రాయనా?"

నవ్వి, దాని వ్యాసం నేను రాసిచ్చాను. అది విని ఆటో అతను కూడా వచ్చాడు. "నాకూ ఒకటి గీకీ లైబ్రరీ. పరీచ్చ రోజు మీ అమ్మనీ నిన్నూ ఆటోలో దింపుతాను, పైసా తీసుకోను." వాడికీ రాశాను. ఆ అమ్మాయి వ్యాసం కోసం చాలా ఆలోచించాను. చివరికి నా సంగతే రాశాను. పదకొండు గంటలు నిలబడితే అరికాళ్లు ఎలా మండుతాయో, ఆ మంటని బలంగా మార్చుకోవడం కరాటే ఎలా నేర్పిందో రాసి, చీరల కొట్టు బల్ల తీసేసి చేపల బజారు తడిబండ పెట్టాను. దానికి ఇచ్చేశాక నా వ్యాసానికి చెప్పేదేమీ మిగల్లేదు. పుస్తకంలోంచి జపాను చరిత్ర రాసుకున్నాను.

ఆ వారంలోనే ఆటో అతను ఒక వార్త తెచ్చాడు. ఎక్కడో ఎవడో పరీక్ష లేకుండా సర్టిఫికెట్ తెచ్చుకుని బోర్డు పెట్టుకున్నాడట. అందరూ నవ్వుతుంటే నాకు కోపం వచ్చింది. "మోసం చేసి కట్టుకున్న బెల్టుకీ ఆవు మెడలో పలుపుకీ తేడా లేదు. పుస్తకంలో ఉంది" అన్నాను. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. అప్పటికప్పుడు నేనే అల్లి, పుస్తకం మీద పెట్టి చెప్పాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊరుకున్నారు. నా మాట లోతుగా దిగిందనుకున్నాను.

పెంకుల విషయంలో పుస్తకం చెప్పింది ఒకటే. బాగా కాలిన, పొడిగా ఉన్న పెంకు శుభ్రంగా పగులుతుంది. బొమ్మలో ఒక జపాను ముసలాయన పది పెంకులు ఒక్క దెబ్బకి కొడుతున్నాడు. బాగా కాలిన పెంకులంటే నాకు వెంటనే శృంగవరపుకోట దగ్గర మా తాత ఇల్లు గుర్తొచ్చింది. ఆ ఇంటిని మా మావయ్య పడగొట్టి స్లాబు వేయించాడు. పాత బెంగుళూరు పెంకులన్నీ పెరట్లో పేర్చి ఉన్నాయి.

ఒక శుక్రవారం కొట్టుకి సెలవు పెట్టి వెళ్లాను. అమ్మ గుమ్మంలో నిలబడి, "పెంకులు కొట్టుకోడానికి బస్సెక్కి ఎల్తన్నావేటే? ఈ ఊర్లో పెంకులు లేవేటి?" అంది. మావయ్య కూడా అదే అడిగాడు. నేను ఒక్కో పెంకునీ వేలితో కొట్టి, కంగుమన్నవాటిని ఏరుకుంటుంటే పక్కనే నిలబడి చూశాడు.

"ఒసే గుంటా, ఇవి పగలగొడతావేటి నువ్వు? మా నాన్న కప్పిన పెంకులే ఇవి. ఎన్ని గాలివానలు సూసినాయి! కొబ్బరికాయ పడినా బీట తియ్యలేదు."

"బాగా కాలిన పెంకే శుభ్రంగా పగులుతుంది మావయ్యా."

"ఎవుడు సెప్పాడు?"

"పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం రాసినోడు మన ఇంటికి ఎప్పుడొచ్చాడే?" అని నవ్వి, గోనెసంచి తెచ్చిచ్చాడు. ఆరు పెంకులు తెచ్చుకున్నాను, మూడు పరీక్షకి, మూడు ఉంటాయని. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే సంచిలోంచి తాత ఇంటి మసివాసన వచ్చింది. మావయ్య మాట మళ్లీ తలుచుకోలేదు. పుస్తకం బొమ్మలోని జపాను పెంకు పల్చగా, నున్నగా ఉంటుంది. మన బెంగుళూరు పెంకుకి అడుగున లావుపాటి గట్లుంటాయి. నాలుగు నెలలు ఆ బొమ్మ చూశాను, చిన్నతనమంతా ఆ పెంకుల కింద వేసవి సెలవులు గడిపాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని తట్టలేదు.

పరీక్ష ఒక ఆదివారం. విశాఖపట్నం నుంచి పరీక్షకుడు వచ్చారు, నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. గోడల పక్కన తల్లిదండ్రులు, చుట్టాలు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. కటాలు బాగా చేశాను. పదిమందితో తలపడి పదో మనిషి దగ్గర కూడా కాళ్లమీదే ఉన్నాను. పరీక్షకుడు కాగితం మీద ఏదో రాసుకుంటూ తలూపడం చూశాను.

తర్వాత పెంకులు. రెండు సిమెంటు ఇటికల మీద అడ్డంగా మూడేసి పేర్చారు. ముందు ఆటో అతను. ఒక్క అరుపు, ఒక్క గుద్దు, మూడూ కిందకి. తర్వాత చేపల బజారు అమ్మాయి. అప్పడాల్లా విరిగాయి. వాళ్లమ్మ ఫోను వదిలేసి ఏడ్చింది.

తర్వాత నేను. ఊపిరి బిగించి కొట్టాను. పెంకు చప్పుడు రాలేదు, చెయ్యి చప్పుడు వచ్చింది. "ఇంకో అవకాశం ఉందమ్మా" అన్నారు పరీక్షకుడు. మళ్లీ కొట్టాను. పై పెంకు ఒక మూల ఊడింది. కింద రెండూ నన్ను చూస్తూ అలాగే ఉన్నాయి. చిటికెన వేలు కింద ఎముక విరిగిందని అప్పటికే తెలిసింది. ఆ ఎముక పేరు కూడా నాకు తెలుసు, లైబ్రరీలో చదివాను. ఎందుకు పనికొచ్చింది?

ఫలితాలు చెప్పే ముందు పరీక్షకుడు ఒక వ్యాసం తీశారు. తను ఇన్నేళ్లలో చదివినవాటిలో మంచిదని చెప్పి, పైకి చదివారు. చేపల బజారు తడిబండ మీద నిలబడిన అరికాళ్ల మంట గురించి. చదువుతుంటే ఆడవాళ్లు కొంగులు కళ్లకి అద్దుకున్నారు. ఆ అమ్మాయి తల ఎత్తలేదు. విరిగిన చెయ్యిని మరో చేత్తో పట్టుకుని కూర్చుని, నా కాళ్ల నొప్పికి ఇంకొకరి పేరుతో చప్పట్లు కొట్టడం విన్నాను.

వాళ్లిద్దరికీ బెల్టులు వచ్చాయి. నాకు, ఆర్నెల్ల తర్వాత పెంకులొక్కటీ మళ్లీ.

సాయంత్రం ఆ హాల్లో ఇంకో ఫంక్షను ఉంది, బేగి ఖాళీ చేయాలి. ఎడం చేత్తో చీపురు పట్టుకుని నేనూ తుడవడం మొదలుపెట్టాను. కూర్చుంటే ఏడుపు వచ్చేలా ఉంది. ముక్కలు చేటలోకి ఎత్తుతుంటే ఒక తేడా కనిపించింది. నా పెంకు ఊడిన మూల లోపలంతా ఎర్రగా, పచ్చిగా ఉంది. వాళ్లిద్దరి ముక్కల్లో విరిగిన అంచు పొడవునా సన్నటి నల్లటి గీత ఉంది. ఇప్పుడు విరిగిన చోటికి అంత లోపల మసి ఎలా చేరుతుంది? ఆ పగుళ్లు పొద్దున్నవి కావు. అంతకు ముందువి.

ఆ అమ్మాయిని పక్కకి పిలిచి, ముక్క చూపించాను.

"నీకు తెల్దా అక్కా?" అంది, నిజంగా ఆశ్చర్యపోయి. "పొయ్యి మీద ఎర్రగా కాల్చి సన్నీళ్లు సల్లితే లోపల బీట తీసెత్తాది. పైకి కనిపించదు. మా అమ్మే కాల్చిందక్కా. అందరూ అలగే సేత్తారు, మాస్టారి కాలం నుంచీ."

"నాకెందుకు చెప్పలేదే?"

"తిడతావని బయమేసింది. పలుపుతాడు అన్నావు కదా ఆ రోజు." నా చేతిలోని ముక్క వైపు చూసి, "అయినా నువ్వు అన్నీ సదివినదానివి కదక్కా, ఇది తెల్దని ఎవులనుకుంటారు?" అంది.

చేతికి సిమెంటు కట్టు వేయించుకున్నాక, వారం పోయాక, మాస్టారి దగ్గరికి వెళ్లాను. డిపో బయట టీ బండి దగ్గర దొరికారు. కూర్చోమన్నారు, టీ చెప్పారు. అడగాల్సింది అడిగాను.

"ఆ పెంకులు ఎవులి కోసమమ్మా?" అన్నారు. "పరీచ్చకొచ్చినాయన కోసమనుకున్నావేటి? ఆయనకి నీ కటాలోనే అంతా తెలిసిపోతాది. పెంకులు ఆ ఫోన్లట్టుకున్నోళ్ల కోసం. పెళ్లిలో బాజాలాంటివి."

"అయితే నన్ను ఫెయిల్ చేయడమెందుకండీ?"

"అందరి ముందూ పగల్లేదు కదా. ఆయన మాత్రం ఏటి సేత్తాడు?"

"నాతో ఒక్క మాట అనాల్సింది."

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. "నువ్వు నాకు శానా మాటలు సెప్పినావమ్మా. నాను సెప్పడానికి సందు ఎప్పుడిచ్చావు?"

కోపంగా లేరు. అందుకే ఆ మాట ఎక్కువ తగిలింది. తగిలిన చోటి నుంచే తిరిగి కొట్టాలని, "మోసం కదండీ అది" అన్నాను.

"మోసమే. మరి ఆ గుంట వ్యాసం ఎవులు రాసినారు? నాకు తెల్దనుకున్నావేటి? ఆ ఆటోవోడు 'తత్వము' అని రాత్తాడా ఎక్కడైనా? అవి కాల్చిన పెంకులు కావేటి?"

జవాబు కోసం చదివినవన్నీ వెతుక్కున్నాను. ఒక్క పుస్తకం కూడా నా తరఫున మాట్లాడలేదు.

జూన్‌లో ఆ అమ్మాయి స్కూల్లో చేరింది. స్వీటు డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చి, నా కాళ్లకి దండం పెట్టబోయింది. అది వెళ్లాక అమ్మ డబ్బా మూత తీసి చూసి, "కాజాలు బాగున్నాయే. కూకోడానికి కుర్సీ ఇచ్చారట దానికి, స్టాపు రూములో" అంది. అమ్మకి నన్ను పొడవాలని లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. కొట్టులో ఆ ఏడు దసరా దాకా ఎడం చేత్తోనే చీరలు విప్పాను. కుడి చేతి పిడికిలి ఇప్పటికీ పూర్తిగా మూసుకోదు.

ఆర్నెల్ల తర్వాత మళ్లీ పరీక్ష పెట్టారు. ఆ స్కూలు లేదు, ఇంకే స్కూలూ అడగలేదు. అయినా వెళ్తానన్నాను. ఎందుకని అమ్మ అడిగింది. ఇన్నేళ్లు చేసి, చేతికి ఏదో ఒక కాగితం రాకుండా ఉండలేకపోయాను. ఇంతకంటే మంచి కారణం ఉంటే బాగుండేది.

ముందురోజు పొద్దున్న పెరట్లో, నీళ్లు కాచుకునే మూడు రాళ్ల పొయ్యి మీద, తాత ఇంటి పెంకుల్లో మిగిలిన మూడింటిని పెట్టాను. వీధిలో ఎవరైనా వస్తున్నారేమోనని రెండుసార్లు తలుపు దగ్గరికి వెళ్లి చూశాను. అమ్మ కిటికీలోంచి, "ఏటే, పెంకులు వండుతన్నావేటి?" అంది. అవునన్నాను. ఎర్రబడ్డాక చెంబులో నీళ్లు చల్లాను. ఒక్కోటీ లోపల చిన్నగా టిక్కుమంది. ఎన్నో గాలివానలు ఓర్చుకున్నవి, చెంబుడు నీళ్లకి లొంగిపోయాయి. చల్లారాక వేలితో కొట్టి చూశాను. కంగుమనలేదు.

పరీక్షలో ఎడం చేత్తో కొట్టాను. మూడూ విరిగాయి. ఫోన్లు పట్టుకున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. మాస్టారు కొట్టారో లేదో చూడలేదు. పరీక్షకుడు నా నడుముకి బెల్టు కట్టి, "ఈసారి బాగా సాధన చేశావమ్మా" అన్నారు. ఆయన మొహంలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే కొంత నయంగా ఉండేది.

చేపల బజారు అమ్మాయి చూడడానికి వచ్చింది. స్కూలు పేరు కుట్టిన ట్రాక్‌సూటులో ఉంది. చీపురూ చేటా తీసుకుని ముందుకొచ్చి, "నువ్వుండక్కా, నాను ఎత్తెత్తాను" అంది.

"వద్దు" అన్నాను. అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని, నల్లటి గీత ఉన్న అంచులు కిందకి ఉండేలా తిప్పి, ముక్కలన్నీ గోనెసంచిలో వేసుకుంటున్నాను. అది చేట నా పక్కన పెట్టి, మొహం అటు తిప్పుకుంది.